సెయింట్ అగస్టీన్‌లో అమ్మానాన్నలకి ట్రాలీ టూర్ మంచిదేనా?

మీరు అడిగింది: ఓర్లాండోలో ఉంటారు, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, నాన్నగారికి 71, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఫ్లోరిడాలోనే ఉన్న సెయింట్ అగస్టీన్ పాత ఊరు చూపించడానికి ట్రాలీ టూర్ తీసుకోవచ్చా, డబ్బు దండగా, రాత్రి దయ్యాల టూర్ ఎలా ఉంటుంది అని.

తీసుకోండి. కాకపోతే ట్రాలీ ఎక్కితే ఊరు చూసేసినట్టే అనుకోకండి. అది మోకాళ్ళ కోసం. ఊరు చూడాలంటే దిగాల్సిందే.

మేం జాక్సన్‌విల్‌లో ఉంటాం. అక్కడికి నలభై మైళ్ళే కాబట్టి ఇంటికి ఎవరొచ్చినా మొదట తీసుకెళ్ళేది అక్కడికే. నాలుగుసార్లు ఎక్కాను. మొదటిసారి మా అమ్మానాన్నలతో వెళ్ళాను, చేయాల్సిన తప్పులన్నీ అప్పుడే చేశాను. కాబట్టి ఎక్కువగా ఆ రోజు సంగతే చెప్తాను.

ట్రాలీ అంటే పట్టాలూ కరెంటు తీగలూ ఊహించుకోకండి. లారీ చాసిస్ మీద పాతకాలపు ట్రామ్ ఆకారంలో బాడీ కట్టిన బస్సు అది. పక్కలు తెరిచి ఉంటాయి, కూర్చోడానికి చెక్క బెంచీలు. డ్రైవరే గైడు. మైకులో మాట్లాడుతూనే నడుపుతాడు. వాన పడితే ప్లాస్టిక్ తెరలు దించుతారు. టికెట్ కొంటే రోజంతా ఎక్కడైనా దిగి, చూసుకుని, వెనకొచ్చే బండి ఎక్కొచ్చు. స్టాపులు ఇరవై పైనే. ఎక్కడా దిగకుండా ఒక చుట్టు తిరిగితే సుమారు గంటన్నర.

ఎక్కే మెట్టు మాత్రం ఎత్తు. మా అమ్మ ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టుకుని, "ఏరా, ఇది ట్రాక్టరా?" అంది. వెనక నుంచి ఒకరు పట్టుకోవాలి. ఇటుకలు పరిచిన వీధులు కొన్ని ఉన్నాయి, అక్కడ బెంచీ కుదుపు నేరుగా నడుముకే తగులుతుంది. ఒక శాలువా మడిచి తీసుకెళ్ళండి, కింద వేసుకోడానికి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఆ రోజు మా అమ్మ మూడ్ మొత్తం దాని మీదే ఆధారపడింది.

నేను చేసిన మొదటి తప్పు: ఎక్కిన రెండో స్టాపులోనే దిగిపోయాం. డబ్బు కట్టాం కదా, అన్నీ చూడాలి అనే ఆత్రం. మధ్యాహ్నానికి అమ్మ కాళ్ళు అయిపోయాయి, అసలు చూడాల్సినవి అలాగే ఉండిపోయాయి. తర్వాత వెళ్ళినప్పుడల్లా పొద్దున్నే మొదటి బండి ఎక్కి ఒక చుట్టు పూర్తిగా తిరుగుతున్నాం. ఆ తర్వాత రెండు మూడు చోట్ల మాత్రమే దిగుతాం. మీరూ అలాగే చేయండి.

రెండో తప్పు ఇంకా పెద్దది. గైడు చెప్పేదంతా అమ్మానాన్నలకి అర్థమవుతుందనుకున్నాను. ఆయన ఫ్లోరిడా యాసలో గడగడా చెప్పేస్తున్నాడు, మధ్యలో జోకులు, అందరూ నవ్వుతున్నారు, మావాళ్ళు వాళ్ళ మొహాలూ నా మొహమూ చూస్తున్నారు. పైగా ప్రతి వాక్యంలో ఒక 'ఓల్డెస్ట్'. ఓల్డెస్ట్ ఇల్లు, ఓల్డెస్ట్ చెక్క బడి, ఓల్డెస్ట్ కొట్టు. మా నాన్న బందరు మనిషి, ఇరిగేషన్‌లో ఓవర్‌సీరుగా రిటైరయ్యాడు. ఆయన విసుగొచ్చి, "ఎంత పాతదిరా ఈ ఊరు?" అన్నాడు. 1565 సెప్టెంబర్‌లో స్పెయిన్ నుంచి పెద్రో మెనెండెజ్ అనే ఆయనొచ్చి పెట్టాడు నాన్నా, యూరప్‌వాళ్ళు పెట్టి ఇప్పటిదాకా ఖాళీ కాకుండా నిలిచిన ఊళ్ళలో అమెరికా ప్రధాన భూభాగం మీద ఇదే మొదటిది అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "1565 అంటే రాక్షసి తంగడి యుద్ధం జరిగిన ఏడు కదూ" అన్నాడు.

అవును. ఆ యుద్ధం జనవరిలో. అక్కడ విజయనగరం కూలిన ఏడాదే ఇక్కడ ఈ ఊరు మొదలైంది. నాలుగేళ్ళుగా అటూ ఇటూ తిరుగుతున్నాను, నాకు తట్టలేదు. అప్పట్నుంచి నాన్న బెంచీలో ముందుకు జరిగి కూర్చున్నాడు.

అందుకే చెప్తున్నాను, వెళ్ళే ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మీరే తెలుగులో ఒక అరగంట కథ చెప్పేయండి, మన తేదీలు జోడించి. రాతికోట 1672లో మొదలుపెట్టి 1695కి పూర్తి చేశారు. అది కడుతుండగానే 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాడు. 1763లో పారిస్ ఒప్పందంతో స్పెయిన్ ఫ్లోరిడాని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేసింది, హవానా తిరిగి దక్కించుకోడానికి. ఆ ఒప్పందంతో ముగిసిన ఏడేళ్ళ యుద్ధంలోనే 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి బందరు కోట లాక్కున్నాడు. ఇది విన్నాక మా నాన్నకి సెయింట్ అగస్టీన్ చుట్టాల ఊరైపోయింది. ఇంగ్లీషువాళ్ళు రాగానే ఇక్కడి స్పానిష్ జనం దాదాపు అందరూ సామాను సర్దుకుని క్యూబా వెళ్ళిపోయారంటే, "ఊరు ఊరంతానా?" అని రెండుసార్లు అడిగాడు. 1784లో స్పెయిన్ మళ్ళీ వచ్చింది, 1821లో అమెరికా చేతికి పోయింది. ఈ మాత్రం తెలిస్తే గైడు ఏ భాషలో చెప్పినా పర్వాలేదు.

ఇక దిగాల్సిన చోట్లు. మొదటిది కోట, కాస్టీయో దె సాన్ మార్కోస్. టికెట్ వేరే, అది నేషనల్ పార్క్ వాళ్ళది. మీ దగ్గర పార్కుల వార్షిక పాస్ ఉంటే చూపించండి, చెల్లుతుంది. ఒకసారి కొన్న టికెట్ ఏడు రోజులు పనిచేస్తుంది. పై అంతస్తుకి మెట్లెక్కాలి, అమ్మగారు కింద ముంగిట్లోనే గదులు చూస్తూ కూర్చోవచ్చు.

మా నాన్న పైకి వెళ్ళలేదు, గోడ దగ్గరే ఆగిపోయాడు. ఆ రాయి పేరు కొకీనా. దగ్గరగా చూస్తే రాయి కాదు, వేలిగోరంత చిన్న చిన్న గుల్లలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టినట్టుంటుంది. ఎదురుగా ఉన్న అనస్టేసియా దీవిలో తవ్వి, పడవల మీద తెచ్చి కట్టారు. తవ్వినప్పుడు మెత్తగా ఉంటుందట, ఆరితే గట్టిపడుతుందట. నాన్న వేలితో అతుకు చూపించి, "సున్నం దేంతో చేశారు?" అన్నాడు. ఆల్చిప్పలు కాల్చి. "గుల్లసున్నం! మన సముద్రం ఒడ్డున చేసేదే" అని నవ్వాడు. ముప్పై ఏళ్ళు కాలవలూ లాకులూ చూసిన మనిషి, ఫ్లోరిడాలో ఒక గోడ ముందు నిలబడి అంత సంతోషపడటం నేను ఊహించలేదు. డిస్నీలో రోజంతా తిప్పినా ఆ మొహంలో అది కనపడలేదు.

ఆ గుల్లరాయి వల్లే కోట నిలబడింది. గట్టి రాయి అయితే ఫిరంగి గుండుకి పగిలిపోతుంది. ఇది కాస్త లోపలికి నొక్కుకుపోయి గుండుని మింగేస్తుంది. 1702లో ఇంగ్లీషువాళ్ళ కారొలైనా గవర్నర్ జేమ్స్ మూర్ సైన్యంతో వచ్చి సుమారు యాభై రోజులు చుట్టుముట్టాడు. ఊరి జనమంతా కోటలోకి చేరారు. కోట దక్కలేదు, పోతూ పోతూ ఊరు తగలబెట్టాడు. 1740లో జార్జియా నుంచి ఇంగ్లీషు సేనాని ఓగల్‌థార్ప్ వచ్చాడు, ఆయనకీ దక్కలేదు.

ఇక్కడ ఇంకో మాట. 1702లో ఊరు తగలబడింది కాబట్టి ఇప్పుడు మీరు చూసే పాత ఇళ్ళు ఏవీ 1565 నాటివి కావు. సెయింట్ జార్జ్ వీధిలో మురిపెంగా కనిపించే వాటిలో చాలా మట్టుకు 1960లూ 70లలో పాత నమూనాలో మళ్ళీ కట్టినవి. తప్పేం లేదు, బాగా కట్టారు. కానీ 'నాలుగొందల ఏళ్ళ ఇల్లు' అని అమ్మగారితో చెప్పకండి.

ఆ సెయింట్ జార్జ్ వీధిలోకి బండ్లు రానివ్వరు, ట్రాలీ కూడా రాదు. నడవాలి. వీధి మొదట్లో 1808లో కట్టిన ఊరి గుమ్మం తాలూకు రెండు స్తంభాలు ఉంటాయి, అవీ కొకీనాయే. ఓపిక ఉన్నంత మేర నడిచి వెనక్కి రండి, చివరిదాకా వెళ్ళాలని లేదు. కొట్లలో డాటిల్ మిరపకాయ సాస్ అమ్ముతారు. చూడటానికి అమాయకంగా పసుపుపచ్చగా ఉంటుంది, ఘాటు మాత్రం హబనేరో అనే మహా ఘాటు మిరపకాయంత. 1777లో ఇక్కడికి చేరిన, మధ్యధరా సముద్రంలోని మినోర్కా దీవి జనం వంటల్లో అదే ప్రాణం. వాళ్ళ పిలావు కూడా ఉంది, పేరు మన పులావు లాంటిదే కదా అని మురిసిపోకండి, అందులో సాసేజో రొయ్యలో ఉంటాయి. మా అమ్మ శాకాహారి, అడిగి మరీ తప్పించుకున్నాం. సాస్ మాత్రం ఇంటికొచ్చాక పెసరట్టుతో తిని, "ఫర్వాలేదు, వీళ్ళకీ నోరుంది" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

రెండోది ఫ్లాగ్లర్ కాలేజీ. రాక్‌ఫెల్లర్‌తో కలిసి స్టాండర్డ్ ఆయిల్ పెట్టిన హెన్రీ ఫ్లాగ్లర్ 1888లో తెరిచిన పోన్స్ దె లియోన్ హోటల్ అది. కాంక్రీటు కట్టడం, అందులో కలిపిన కంకర కూడా ఈ గుల్లరాయే. ఇప్పుడు కాలేజీ. టిఫనీ రంగుటద్దాల కిటికీల కింద పిల్లలు ట్రేలు పట్టుకుని మెస్ భోజనం చేస్తారు. లోపల చూడటానికి వేరే టూర్ ఉంది. టైము లేకపోతే బయటి ప్రాంగణం, మొదటి హాలు చూసి వచ్చేయండి, అంతే చాలు.

మూడోది ఫౌంటెన్ ఆఫ్ యూత్ అనే తోట. ఇక్కడ అభిప్రాయాలు వేరు వేరుగా ఉంటాయి. స్పానిష్ అన్వేషకుడు పోన్స్ దె లియోన్ యవ్వనమిచ్చే ఊట వెతుక్కుంటూ వచ్చాడన్నది కట్టుకథ. అమ్మ ఆ నీళ్ళు ఒక గుక్క తాగి, కుళ్ళిన గుడ్డు వాసన అని మొహం చిట్లించింది, అది గంధకం. కానీ తమాషా ఏమిటంటే, తవ్వకాల్లో తేలింది, మెనెండెజ్ 1565లో మొదట మకాం వేసింది ఆ తోటలోనే, టిముకువా అనే స్థానిక జనం ఉండే ఊరి పక్కన. కథ అబద్ధం, స్థలం నిజం. నెమళ్ళు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, చిన్నపిల్లలుంటే వెళ్ళండి.

ట్రాలీలో మా గైడు ఒక్క ముక్కతో దాటేసినది ఒకటుంది, ఊరి మధ్య ప్లాజా. అక్కడున్న పాత మార్కెట్ మండపాన్ని బానిసల మార్కెట్ అనే పిలిచేవారు. 1964 జూన్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని అరెస్టు చేసింది ఈ ఊళ్ళోనే, సముద్రం ఒడ్డు రోడ్డు మీదున్న మాన్సన్ మోటర్ లాడ్జ్ దగ్గర. వారం తర్వాత ఆ మోటల్‌లో తెల్లవాళ్ళకే ఉంచిన ఈతకొలనులో నల్లవాళ్ళు దిగితే, మేనేజరు ఆ నీళ్ళలో యాసిడ్ పోశాడు. అలాంటి వివక్షని నిషేధించిన పౌరహక్కుల చట్టం జులై 2న సంతకమైంది. ఆ మోటల్ ఇప్పుడు లేదు, మెట్లు మాత్రం అట్టే పెట్టారు. ప్లాజాలో ఆ ఉద్యమకారుల విగ్రహం ఉంది, బెంచీలూ నీడా ఉన్నాయి. అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టి మీరు ఈ సంగతి చెప్పొచ్చు.

మూడో తప్పు చెప్పడం మర్చిపోయాను. చివరి బండి ఎన్నింటికో చూసుకోలేదు. కోట గోడ దగ్గర నాన్న ఎంతకీ కదలకపోతే, బయటికొచ్చేసరికి చివరి బండి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దర్నీ కోట ముందు పచ్చికలో కూర్చోబెట్టి, నేను ఇరవై నిమిషాలు నడిచి కారు తెచ్చాను. వచ్చేసరికి ట్రాఫిక్కులో ఇంకో పావుగంట. ఫోన్లో "ఎక్కడున్నావురా" అని అమ్మ టెన్షన్. ఎక్కేటప్పుడే డ్రైవర్ని అడిగి ఫోన్లో అలారం పెట్టుకోండి.

జులై, ఆగస్టుల్లో వెళ్ళకండి. మధ్యాహ్నం మూడింటికల్లా ఉరుములూ వాన, అంతకుముందు ఉక్కపోత. నవంబర్ మధ్య నుంచి జనవరి దాకా దీపాల పండగ ఉంటుంది, ఊరంతా తెల్ల దీపాలతో నిజంగా బాగుంటుంది. కానీ వారాంతంలో ఆ జనంలో కారు పెట్టడానికి చోటు దొరకదు. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

దయ్యాల ట్రాలీ సంగతి. రాత్రి పూట, లైట్లు తగ్గించి, గైడు గొంతు మార్చి కథలు చెప్తూ పాత జైలూ అవీ చూపిస్తారు. పెళ్ళయిన కొత్తజంటలకి సరదాగా ఉంటుంది. మా అమ్మ మొత్తం నా భుజం మీద నిద్రపోయింది. నాన్న ఒకచోట దిగి టార్చి వేసి గోడ చూసి, ఇది కొకీనా కాదని నిర్ధారించుకుని వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఆ డబ్బుకి ఇంకో రెండు సీసాలు డాటిల్ సాస్ వస్తుంది, అది కొనుక్కోండి.