16×12 హాలుకు టవర్ స్పీకర్లు: పెద్ద జతా, చిన్న జతా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. హైదరాబాదు అపార్ట్‌మెంటులో మీ హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంది. మీరు ఎక్కువగా వినేది కర్ణాటక సంగీతం, ఘంటసాల గారి కాలం నాటి సినిమా పాటలు. కొత్త పాటలు అప్పుడప్పుడు. బ్రిటిష్ స్పీకర్ల కంపెనీ కెఫ్ వారి ఆర్11 మెటా కొనగలిగినప్పుడు అదే తీసుకోవాలా, లేక ఆర్7, ఆర్5లలో ఒకటి సరిపోతుందా అని అడిగారు. ఆర్5 తీసుకోండి, గట్టిగా వినే అలవాటుంటే ఆర్7 తీసుకోండి. ఆర్11 మాత్రం మీ హాలుకు వద్దు. దాదాపు అవే కొలతలున్న హాలులో ఆ పొరపాటు నేను చేసి, రెండేళ్లు అనుభవించాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2017లో విశాఖపట్నంలో కొత్త ఇంటికి మారినప్పుడు, ఎన్నో ఏళ్లుగా దాచుకున్న డబ్బుతో ఒక పెద్ద టవర్ స్పీకర్ల జత కొన్నాను. ఒక్కొక్క పెట్టెలో 8 అంగుళాల వూఫర్లు, అంటే మంద్ర స్వరాలు పలికే డ్రైవర్లు, రెండేసి ఉండేవి. వాటిని నేను విన్నది దుకాణంలో: నా హాలుకు మూడింతలున్న గది, నేలంతా కార్పెట్, గోడలకు మందపాటి తెరలు, వాళ్లు ఎంచి పెట్టుకున్న నాలుగు పాటలు. ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం ఒక గాత్ర కచేరీ పెట్టాను. మృదంగం ఎడమ వైపు, అంటే రవ్వ ముద్ద పెట్టిన తొప్పి మీద, పడిన ప్రతి దెబ్బా ఒకే స్థాయిలో ‘బుం’ అని మోగి, గాయకుడి తరువాతి మాట మీదికి పాకిపోయేది. ఎడమ చేత్తో నాదాన్ని వంచి పైకి లాగే గుంకీలలో ఆ లాగడమే వినపడలేదు. మృదంగం వాయించే మా బాబాయి పక్కనే కూర్చుని, కాసేపయ్యాక, ‘‘ఇది తొప్పి కాదురా, డ్రమ్ము’’ అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

లోపం స్పీకర్లలో లేదు. గది కొలతలను బట్టి కొన్ని మంద్ర స్వరాలు గోడల మధ్య నిలిచిపోయి ఉబ్బుతాయి. లెక్క సులభం: 565ను గది కొలతతో, అడుగుల్లో, భాగిస్తే ఆ దిశలో మొదట ఉబ్బే స్వరం హెర్ట్జ్‌లలో సుమారుగా వస్తుంది. మీ హాలుకు పొడవు వైపు 35, వెడల్పు వైపు 47, ఎత్తు వైపు 56 వస్తాయి. పొడవు వైపు రెండో స్వరం 70 దగ్గర పడుతుంది. కర్రచట్రం మీద పలుచని బోర్డులు కొట్టిన అమెరికా ఇళ్ల గోడలు కొంత మంద్రనాదాన్ని పీల్చుకుంటాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, గ్రానైటు నేల దాదాపు అంతా తిప్పికొడతాయి. అందువల్ల విదేశీ సమీక్షలలో ‘‘బాస్ కొంచెం తక్కువ’’ అనిపించుకున్న స్పీకరు మన ఇంట్లో సరిగ్గా సరిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. తెరలు, జంపఖానాలు పై స్వరాల గరుకుతనాన్ని తగ్గిస్తాయి గాని, 35 హెర్ట్జ్ అల పొడవు 30 అడుగులకు పైనే ఉంటుంది కాబట్టి దాన్ని ఏమీ చేయలేవు.

దీనికి తోడు, మన ఇళ్లలో చాలామందిలాగే నేను కూడా సోఫాను వెనక గోడకు ఆనించి, స్పీకర్లను ఎదుటి గోడకు జానెడు దూరంలో పెట్టాను. గోడ పక్కనే చెవి ఉంటే పొడవు వైపు ఉబ్బే స్వరాలన్నీ గరిష్ఠంగా వినిపిస్తాయి. కొలత మైకు ఒకటి తెప్పించి, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేరుతో కొలిచినప్పుడు, 35 దగ్గర, 70 దగ్గర రెండు గుట్టలు స్పష్టంగా కనిపించాయి. సోఫాను మూడున్నర అడుగులు ముందుకు జరిపితే 70 దగ్గరి గుట్ట బాగా అణిగింది. ఆ స్వరం గది పొడవులో నాలుగో వంతు దగ్గర, అంటే 4 అడుగుల దగ్గర, దాదాపు మాయమవుతుంది. స్పీకర్లను గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకు తెస్తే మాటలు తేటపడ్డాయి. అయినా 35 దగ్గరి మోత వదలలేదు, ఎందుకంటే ఆ పెట్టెలు అంత లోతుకు దండిగా వాయించేవి. చివరికి వాటిని నష్టానికి అమ్మి, చిన్న టవర్లకు మారాను.

ఇప్పుడు మీరు అడిగిన మూడింటిని చూడండి. ఆర్5, ఆర్7, ఆర్11 మెటాలన్నింటిలోనూ మధ్య, పై స్వరాలు పలికేది ఒకే యూనిట్: 5 అంగుళాల కోను, దాని నట్టనడుమ పై స్వరాలు పలికే 1 అంగుళం ట్వీటరు. తేడా వూఫర్లలోనే ఉంది: ఆర్5లో ఐదుంపావు అంగుళాలవి రెండు, ఆర్7లో ఆరున్నర అంగుళాలవి రెండు, ఆర్11లో ఆరున్నరవి నాలుగు. గాత్రం, వీణ, వయొలిన్ నివసించే భాగానికి మూడింటిలోనూ మీకు దక్కేది దాదాపు ఒకటే. అదనపు డబ్బుతో కొనుక్కునేదల్లా మీ హాలు మోయలేని మంద్రం, పెద్ద గదిని నింపే బలం. కర్ణాటక కచేరీలో 60 హెర్ట్జ్‌కు కింద ఉండేది బహు తక్కువ.

ట్వీటరును కోను నడుమ పెట్టే ఈ పద్ధతిని కెఫ్ 1988 నుంచి యూని-క్యూ అనే పేరుతో వాడుతోంది. మన ఇళ్లలో దీనికి ఒక ప్రత్యేకమైన విలువ ఉందని నా అభిప్రాయం. ట్వీటరు, మధ్య డ్రైవరు ఒకదాని మీద ఒకటి ఉన్న టవర్లలో చెవి ఎత్తు మారితే ఆ రెండూ కలిసే చోట స్వరం మారిపోతుంది. సోఫాలో విన్న గొంతు, చాప మీద కూర్చుంటే పలచబడుతుంది. రెండూ ఒకే కేంద్రంలో ఉంటే ఆ తేడా బాగా తగ్గుతుంది. మా అమ్మ నేల మీదే కూర్చుని వింటుంది కాబట్టి నాకిది చిన్న విషయం కాదు.

ఒక్క కంపెనీకే కట్టుబడమని నేను అనడం లేదు. కెనడా జాతీయ పరిశోధన మండలిలోను, తరువాత హర్మన్ అనే ఆడియో కంపెనీలోను ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ నడిపిన పరీక్షలలో, ఏ స్పీకరో కనపడకుండా విన్నప్పుడు, ఎదురుగా సమంగా పలుకుతూ పక్కలకు కూడా ఒడిదుడుకులు లేకుండా పలికే స్పీకర్లనే శ్రోతలు ఎక్కువగా మెచ్చుకున్నారు. ఆ కొలతల గ్రాఫులు ఇప్పుడు చాలా మోడళ్లకు దొరుకుతున్నాయి. వాటిని చూసి జాబితాను రెండు మూడింటికి కుదించుకుని, తరువాత చెవితో తేల్చుకోండి.

వినడానికి వెళ్లేటప్పుడు మీ పాటలే తీసుకెళ్లండి, వాటిలో ఘంటసాల గారి 1950ల నాటి మోనో రికార్డింగు ఒకటి తప్పక ఉండాలి. పాత పాటకు అంత ఖరీదైన స్పీకర్లు దేనికని దుకాణంవాళ్లు అనవచ్చు. మోనోలో రెండు పెట్టెలకూ వెళ్లేది ఒకటే కాబట్టి, గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి ముఖమంత వెడల్పున నిలబడాలి. అది పక్కకు ఒరిగినా, గోడంతా పరుచుకున్నా, జతలో గాని, అమరికలో గాని, గదిలో గాని తేడా ఉన్నట్టే. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉండాలి. ఆర్11 సున్నితత్వం, అంటే ఒకే సిగ్నల్‌కు ఎంత గట్టిగా మోగుతుందనేది, 90 డెసిబెల్స్, ఆర్5ది 87. వాల్యూమ్ తిప్పకుండా ఒకదాని నుంచి ఇంకొకదానికి మార్చితే 3 డెసిబెల్స్ ఎక్కువగా మోగేదే మేలని చెవి పొరబడుతుంది. ఫోనులోని శబ్దమాపక యాప్ ఈ పోలికకు సరిపోతుంది.

యాంప్లిఫయరు సంగతి. ఈ శ్రేణి స్పీకర్ల నిరోధం 4 ఓములు, ఒకచోట 3.2 వరకు పడిపోతుంది. 4 ఓముల భారాన్ని నిలకడగా మోసే, 100 వాట్ల స్టీరియో యాంప్లిఫయరు మీ హాలుకు ధారాళం. చవక హోమ్ థియేటర్ రిసీవరుతో మాత్రం ముడిపెట్టకండి. కేబుళ్లకు మామూలు మందపాటి రాగి తీగ చాలు.

డబ్బు కట్టే ముందు ఇంట్లో రెండు రోజులు విని చూసే అవకాశం అడగండి. నా రెండో జతను అమ్మిన డీలరు, తిరిగి ఇచ్చే పూచీతో అడ్వాన్సు తీసుకుని, అందుకు ఒప్పుకున్నారు. మొదటి దుకాణంలో ఆ మాట అడగాలని కూడా నాకు తోచలేదు. పెట్టెతోపాటు వచ్చే స్పాంజి బిరడాలను పారేయకండి. వెనక రంధ్రాలలో వాటిని బిగిస్తే మంద్రం కొంత తగ్గుతుంది. గోడ నుంచి రెండు అడుగులైనా జరపడం కుదరకపోతే మొదట వాటితోనే వినండి. పాట వినని రోజుల్లో కూడా నేను వాటిని బిగించే ఉంచుతాను, ఎందుకంటే ఒక వేసవిలో మా ఎడమ స్పీకరు రంధ్రంలోంచి బల్లి బయటికి రావడం చూశాను.

సోఫాను వెనక గోడ నుంచి కనీసం మూడు అడుగులు ముందుకు జరపడానికి మీ ఇంట్లో వీలవుతుందా? వీలవుతుందంటే ఆర్7 కూడా పరిశీలించవచ్చు. కాదంటే ఆర్5 దగ్గరే ఆగండి.