‘చార్జ్’ అనే మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంగ్లిష్ నుంచి వచ్చి మన నోట స్థిరపడిన మాటల్లో ‘చార్జ్’ గురించి ఈ మధ్య వరుసగా ఉత్తరాలు వచ్చాయి. దగ్గరదగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: ఫోనుకు చార్జింగ్, బస్సుకు చార్జీ, ధర్నా మీద లాఠీచార్జి, కార్యాలయానికి ఇన్‌చార్జి, కోర్టులో చార్జ్‌షీట్. వీటన్నింటిలో ఉన్నది ఒకే మాటా? అయితే ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?
– బీకాం విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఒకే మాట. లాటిన్‌లో ‘కార్రుస్’ అంటే బండి. బండికి సరుకు ఎత్తడాన్ని తర్వాతి కాలపు లాటిన్‌లో ‘కర్రికారె’ అన్నారు. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కు చేరి ‘చార్జ్’ అయింది. ఓడల్లో వెళ్లే కార్గో, మోయడం అనే అర్థమిచ్చే క్యారీ, నాయకుల ముక్కూ చెవులూ సాగదీసి గీసే క్యారికేచర్ కూడా ఆ కుటుంబంలోవే. చివరిది ఇటాలియన్ నుంచి వచ్చింది; ఉన్న రూపం మీద అతిశయాన్ని మరికాస్త ‘ఎక్కించడం’ అని దాని భావం.

బండి మీద పెట్టే బరువునే మనిషి మీద పెడితే మిగిలిన అర్థాలన్నీ వస్తాయి. పని భారం పెడితే బాధ్యత, నింద మోపితే అభియోగం, సొమ్ము కట్టవలసిన భారం వేస్తే రుసుము. తెలుగులోనూ నేరం మోపుతాము, పన్ను వేస్తాము, బాధ్యత నెత్తిన పెడతాము కనుక ఈ విస్తరణ మనకు వింతగా తోచదు. పాతకాలపు తుపాకిలో ఒక్కో దెబ్బకు కూరే మందును కూడా చార్జ్ అనేవారు. 18వ శతాబ్దంలో లైడెన్ జాడీలనే, విద్యుత్తును నిల్వచేసే గాజు సీసాలతో ప్రయోగాలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంటివారు, వాటిలో విద్యుత్తును నింపడానికి అదే మాట వాడారు. మన ఫోను చార్జింగ్ ఆ వరుసలోదే.

అశ్వికదళం శత్రువు మీదికి ఒక్కుమ్మడిగా దూసుకుపోవడాన్ని కూడా చార్జ్ అనే అంటారు. 1854లో క్రిమియా యుద్ధంలో, బాలక్లావా వద్ద బ్రిటిష్ లైట్ బ్రిగేడ్ ఫిరంగుల మీదికి దూకి దెబ్బతిన్న ఘటన ఈ పేరుతోనే ప్రసిద్ధం. ఆ సైనిక పదానికి మన కర్రను ముందు చేర్చగా లాఠీచార్జి అయింది. 1928 అక్టోబర్ 30న లాహోర్‌లో సైమన్ కమిషన్‌కు నిరసన తెలుపుతూ లాఠీ దెబ్బలు తిన్న లాలా లజపతి రాయ్ నవంబర్ 17న మరణించినప్పటి నుంచీ ఆ మాటకు ఒక చేదు చరిత్ర కూడా ఉంది.

ఇందులో తెలుగువాళ్లు తమకు తెలియకుండానే ఒక మంచి పని చేశారు. చార్జీ అంటే మనకు డబ్బే, అదీ ఎక్కువగా ‘చార్జీలు’ అని బహువచనంలో. చార్జింగ్ అంటే విద్యుత్తే. చార్జి తీసుకోవడం అంటే బాధ్యతలు స్వీకరించడం. ఇంగ్లిష్‌లో వాక్యమంతా చదివితే గాని తేలని అర్థం తెలుగులో మాట చివరనే తేలిపోతుంది. ‘ఫోనులో చార్జింగ్ లేదు’ అని మనమన్న చోట ఇంగ్లిష్‌లో చార్జ్ అనాలన్న మాట నిజమే, ఎందుకంటే అక్కడ చార్జింగ్ అన్నది నింపే క్రియకు పేరు. అంతమాత్రాన తెలుగు వాక్యాన్ని దిద్దనక్కరలేదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా పిల్లలు ఇంగ్లిష్ వ్యాసాల్లో ‘బస్ చార్జ్’ అని, ‘హీ ఈజ్ ద ఇన్‌చార్జ్’ అని రాస్తున్నారు. దిద్దాలా, వదిలేయాలా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మొదటిది దిద్దండి. ప్రయాణానికి చెల్లించేది ఫేర్, వైద్యుడికీ న్యాయవాదికీ కళాశాలకూ చెల్లించేది ఫీజు, రహదారి మీద చెల్లించేది టోల్, వస్తువుకు చెల్లించేది ప్రైస్. చార్జ్ అన్నది ఒక సేవకు గాని, ఒక సదుపాయానికి గాని అడిగే మొత్తం. హోటల్ బిల్లులో కనిపించే సర్వీస్ చార్జ్ అటువంటిదే. దాన్ని అడగకుండా బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

రెండోది భారతీయ ఇంగ్లిష్‌లో పాతుకుపోయిన ప్రయోగం. మన కార్యాలయాల ఉత్తర్వుల్లో చెల్లుతుంది గాని, పరీక్షలో ‘ద పర్సన్ ఇన్ చార్జ్’ అని విడివిడిగా రాయించడం క్షేమం. ఇక్కడ ఒక్క చిన్న మాటతో అర్థం తలకిందులవుతుంది. ‘ఇన్ చార్జ్ ఆఫ్’ అంటే పర్యవేక్షించే మనిషి, మధ్యలో ‘ద’ చేర్చి ‘ఇన్ ద చార్జ్ ఆఫ్’ అంటే మరొకరి సంరక్షణలో ఉన్న మనిషి. నర్సు వార్డుకు ఇన్ చార్జ్ అయితే, రోగి నర్సుకు ఇన్ ద చార్జ్.

ప్రశ్న: మా బంధువు పేరు పోలీసుల చార్జ్‌షీట్‌లో చేరింది. ఊళ్లో అందరూ నేరం రుజువైపోయినట్టు మాట్లాడుతున్నారు. అభియోగపత్రం అంటే ఇంతకూ ఏమిటి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రుజువు కాలేదు. ఈ విషయంలో ఊరివాళ్లకంటే పత్రికల భాషదే ఎక్కువ దోషం. ‘అభియోగాలు దాఖలు’, ‘అభియోగాలు ఖరారు’ అనే రెండు శీర్షికలూ ఒకే సంగతి చెబుతున్నట్టు అనిపిస్తాయి. నిజానికి ఒకటి పోలీసుల పని, మరొకటి న్యాయమూర్తి పని.

దర్యాప్తు ముగించాక పోలీసులు న్యాయస్థానానికి సమర్పించే నివేదికనే వాడుకలో చార్జ్‌షీట్ అంటున్నాము. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 173వ సెక్షన్ గాని, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ గాని చెప్పేది పోలీసు అధికారి నివేదిక గురించే. నిందితుడు నిర్బంధంలో ఉండగా, నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లోగా ఆ నివేదిక అందకపోతే అతనికి బెయిలు పొందే హక్కు వస్తుంది. పత్రికల్లో మీరు చదివే ‘డిఫాల్ట్ బెయిల్’ అదే.

అసలైన చార్జ్ ఆ తర్వాత వస్తుంది. నివేదికనూ దానికి జతపరచిన పత్రాలనూ పరిశీలించి, ఇరుపక్షాల వాదన విని, విచారణ జరపడానికి తగిన ఆధారం ఉందని తోస్తే న్యాయమూర్తి ఫలానా సెక్షన్ కింద ఫలానా నేరం అని అభియోగాన్ని రూపొందించి, నిందితుడికి చదివి వినిపించి, ఒప్పుకుంటావా అని అడుగుతారు. దీన్నే అభియోగాలు ఖరారు చేయడం అంటారు. పోలీసులు రాసిన సెక్షన్లన్నీ ఇందులో ఉండాలని లేదు. తీర్పు చెప్పే లోపల ఎప్పుడైనా అభియోగాన్ని మార్చే అధికారం, కొత్తది చేర్చే అధికారం కూడా న్యాయస్థానానికి ఉంది.

తగిన ఆధారం లేదనిపిస్తే, విచారణ మొదలుకాకముందే నిందితుడిని వదిలేయడం డిశ్చార్జి. మోపిన బరువును దించడమని దాని అర్థం. ఆస్పత్రి నుంచి రోగిని పంపేటప్పుడు వాడేదీ ఈ మాటే. సాక్షులను విచారించి, పూర్తి విచారణ ముగిశాక నిర్దోషి అని తీర్పు చెప్పడం వేరు. తెలుగులో రెండింటినీ ‘విడుదల’ అనేస్తున్నందువల్ల చదివేవారికి గందరగోళం తప్పడం లేదు. మొదటిదాన్ని ‘అభియోగ విముక్తి’ అని రాస్తే బాగుంటుందని నా సూచన. మీ బంధువు కేసు ఈ దశల్లో ఎక్కడ ఉందో వారి న్యాయవాదినే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: విద్యుత్ బిల్లులో ఉన్న చార్జీలకూ, భౌతికశాస్త్రంలోని చార్జ్‌కూ సంబంధం ఉందా?
– ఇంటర్ విద్యార్థి, అనంతపురం

జవాబు: లేదు. బిల్లులోని ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు అన్నీ డబ్బు లెక్కలే. మీటరు కొలిచేది కూడా ఆవేశాన్ని (భౌతికశాస్త్రంలోని చార్జ్‌కు తెలుగు పేరు) కాదు, శక్తిని. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. ఆవేశాన్ని చెప్పేది మీ ఫోను బ్యాటరీ. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ అంటే 5 ఆంపియర్ల విద్యుత్తు గంటసేపు, అనగా 3,600 సెకన్లు ప్రవహించినంత. రెంటినీ గుణిస్తే 18,000 కూలూంబులు; కూలూంబు అంటే ఆవేశాన్ని కొలిచే ప్రమాణం.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. ‘చార్జ్‌డ్ వ్యయం’ అంటే ఖర్చయిపోయిన సొమ్మా?
– ఒక అభ్యర్థి, కరీంనగర్

జవాబు: కాదు, నిధి మీద ముందే మోపిన భారం. రాజ్యాంగం 112వ అధికరణ కొన్ని చెల్లింపులను నేరుగా భారత సంఘటిత నిధి, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానా మీద వేసింది. రాష్ట్రపతి వేతనం, లోక్‌సభ స్పీకర్ వేతనం, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల వేతనాలు, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ వేతనం, ప్రభుత్వ రుణాలపై వడ్డీ, కోర్టు తీర్పుల ప్రకారం చెల్లించవలసిన మొత్తాలు వీటిలో కొన్ని. వీటిని పార్లమెంటు చర్చించవచ్చు గాని ఓటింగుకు పెట్టరు. న్యాయమూర్తి జీతం, ఆడిటరు జీతం ఏటా సభ్యుల ఓటు మీద ఆధారపడితే వారి స్వతంత్రతకు భంగమన్నది ఇందులోని ఆలోచన. రాష్ట్రాలకు ఇదే ఏర్పాటు 202, 203 అధికరణల్లో ఉంది. గవర్నరు వేతనం అక్కడి జాబితాలో కనిపిస్తుంది. పరీక్షలో పట్టుకునే చోటు హైకోర్టు న్యాయమూర్తుల దగ్గర ఉంది. వారి జీతాలు రాష్ట్ర సంఘటిత నిధి మీద, పింఛన్లు మాత్రం భారత సంఘటిత నిధి మీద పడతాయి.