పిలుపు ఆయనది, సంతకం మీది

ప్రశ్న: మా ఆయన ఓ ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ చూస్తారు. ఎనిమిది నెలలుగా కొత్త ప్రార్థన కూటానికి వెళ్తున్నారు. అక్కడి దైవసేవకుడు (పాస్టరు) తాను అపొస్తలుణ్ణని, అంటే యేసు పంపిన తొలి శిష్యుల్లాంటివాణ్ణని చెప్పుకుంటాడు. ‘నీకూ అపొస్తలుల పిలుపుంది’ అని మా ఆయనకు ప్రవచనం చెప్పాడట. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తానంటున్నారు. పెళ్లిలో మా నాన్న పసుపు కుంకుమ కింద నా పేర రాసిన ఐదు సెంట్ల స్థలం ఆ సేవకుడికి రాసిమ్మంటున్నారు. కాదంటే అభిషిక్తుడికి (దేవుడు ఏర్పరచుకున్నవాడికి) ఎదురు తిరిగినట్టేనట, శాపం తగులుతుందట. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉంది. నాది తప్పా?

జవాబు: కాదమ్మా. ముందు ఆ శాపం సంగతి చూద్దాం, మీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే. అభిషిక్తుల్ని ముట్టకూడదన్న మాట 105వ కీర్తనలోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరాయి నేలపై తిరుగుతున్నప్పుడు వాళ్లకు హాని చేయొద్దని రాజులకు చెప్పిన మాట అది. బోధకుణ్ణి లెక్క అడగొద్దని అందులో ఎక్కడా లేదు. అంతియొకయలో పేతురు తప్పుగా నడిస్తే పౌలు అందరి ముందే నిలదీశాడు (గలతీ 2:11-14). యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన పేతురునే అడగొచ్చు. మీ ఊరి సేవకుడు అంతకంటే పెద్దవాడేం కాదు కదా!

ఇక పిలుపు. దమస్కు దారిలో పిలుపు వచ్చాక పౌలు వెంటనే బోధించాడు, నిజమే. కానీ మూడేళ్ల తర్వాతే యెరూషలేము వెళ్లి కేఫా (పేతురు) దగ్గర 15 రోజులున్నాడు. అంతియొకయలో బర్నబాతో కలిసి ఏడాదంతా బోధించాడు. ఆ తర్వాతే అక్కడి సంఘం ఉపవాసముండి, చేతులుంచి ఇద్దర్నీ పంపింది (అపొ. కార్య. 13:1-3). పిలుపుకీ ఇలా పంపడానికీ మధ్య పదేళ్లు పైనే గడిచాయని పండితుల లెక్క. అపొస్తలుడంటేనే ‘పంపబడినవాడు’. కాబట్టి మీ ఆయన్ని అడగాల్సింది ‘పిలుపు నిజమేనా’ అని కాదు, ఆ వాదన తెమలదు. ‘మిమ్మల్ని ఏ సంఘం పంపుతోంది? ఎవరికి లెక్క చెబుతారు?’ అనడగండి. ఉద్యోగం సంగతంటారా, కొరింథులో పౌలు బోధిస్తూనే అకుల అనే డేరాల పనివాడితో కలిసి డేరాలు కుట్టాడు.

అపొస్తలులు ఇప్పటికీ ఉన్నారా అన్నది సంఘాల మధ్య పాత తగవు. ఎఫెసీ 4:11 చూపించి ఉన్నారనేవాళ్లున్నారు, ఆ పన్నెండుమందితో, పౌలుతో అయిపోయిందనేవాళ్లూ ఉన్నారు. మీ ఇంటి సమస్యకు అది తేలనక్కర్లేదు. ఉన్నారనే అనుకున్నా, ఆ అధికారం కట్టడానికే గాని పడగొట్టడానికి కాదని పౌలు రెండుసార్లు రాశాడు (2 కొరింథీ 10:8, 13:10). చందా సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని తీతుతో పాటు మరో ఇద్దరు సోదరుల్ని పంపాడు (8:16-22). స్థలం గురించైతే, పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచి అంతా ఇచ్చినట్టు నటించిన అననీయతో పేతురు అన్నమాట చూడండి: అమ్మకముందు అది నీదే కదా, అమ్మాకా నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు (అపొ. కార్య. 5:4). తప్పు అబద్ధమాడటంలో ఉంది, స్థలం ఉంచుకోవడంలో కాదు.

స్థలం మీ పేరున ఉంది కాబట్టి మీ సంతకం లేకుండా బదిలీ కాదు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైపోతే, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. పైగా సేవకుడి సొంత పేర రాస్తే అది ఆయన సొంత ఆస్తి, ఆయన తర్వాత వారసులది. సంఘానిది కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అసలు దస్తావేజు బ్యాంకు లాకర్లో పెట్టండి. ఖాళీ స్టాంపు కాగితం మీద, జీపీఏ (మీ తరఫున ఆస్తి వ్యవహారాలు చేసే అధికారం ఇంకొకరికిచ్చే పత్రం) మీద సంతకం పెట్టకండి. మూడు నెలలకోసారి ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీసి చూసుకోండి.

మీ ఆయనతో కూటం నుంచి వచ్చిన రాత్రి మాట్లాడకండి, ఆ వేడిలో ఏ మాటా చెవికెక్కదు. సెలవురోజు పొద్దున, పిల్లలు లేనప్పుడు ‘మీ సేవకు నేను అడ్డు కాదండీ. ఏడాదిపాటు సాయంత్రాలు, ఆదివారాలు చేయండి, ఉద్యోగం ఉంచండి’ అనండి. అప్పటికీ మానేస్తానంటే ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలు బ్యాంకులో వేరుగా పడ్డాకే రాజీనామా అని కాగితం మీద రాసుకోండి. సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడన్న 1 తిమోతి 5:8 ఆయనకూ తెలిసిన వచనమే, కానీ దాన్ని మొహాన కొట్టినట్టు చదవకండి. మీకు బాప్తిస్మమిచ్చిన పాత పాస్టరుగారు ఉంటే ఒకసారి ముగ్గురూ కూర్చోండి.

ఒక్క జాగ్రత్త. ఆయన రాత్రికి రెండు మూడు గంటలే నిద్రపోతూ, ఏవో స్వరాలు ఆజ్ఞాపిస్తున్నాయంటుంటే, చేతికందిన డబ్బల్లా ఖర్చుపెడుతుంటే మానసిక వైద్యుడికి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. సంతకం కోసం చేయి చేసుకున్నా, బెదిరించినా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, దాన్ని సంఘ పెద్దల పంచాయితీకి వదిలేయకండి.