మీ నాన్న చొక్కా

చిట్టితల్లీ,

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరు ఇచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నలభై రెండు కిలోమీటర్లు! ఆ సంగతి మీ పెద్దమ్మకి అన్నం తింటూ రెండుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ రోజు కొత్త బూట్లు వేసుకోకు. దూరం కొంచెం కొంచెంగా పెంచు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా దారంతా ఫ్లైఓవర్లే, ఎత్తులెక్కడం అలవాటు చేసుకో. ఇవన్నీ నీ కోచ్ చెప్పేవే.

మీ నాన్న సంగతి మాత్రం నేనే చెప్పాలి.

నేను పీఈటీగా కొత్తగా చేరినప్పుడు వాడు నా బడిలోనే తొమ్మిదో తరగతి. ఒకే కడుపున పుట్టాం, ఒకే కుండలో కూడు తిన్నాం. నేనెంత పరిగెత్తినా రొప్పేవాణ్ణి కాదు, వాడికి రెండు రౌండ్లకే డొక్కలో పోటు. నాకది బద్ధకంలా కనిపించింది. ఏప్రిల్లో, ఇంకా ఎండ దిగకముందే, పిల్లలందరి ముందూ "దమ్ములేనోడా" అని బెత్తం పట్టుకుని వాణ్ణి మైదానంలోకి దింపాను. వాడు చొక్కా విప్పి, మడతపెట్టి, ఎగిరిపోకుండా దానిమీద రాయి పెట్టి పరుగు మొదలెట్టాడు. ఆరో రౌండ్లో "అన్నా, ఇక నావల్ల కాదు" అన్నాడు. నేను ఆపనివ్వలేదు. ఎనిమిదో రౌండ్లో వేపచెట్టు దగ్గర కూలిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. నా మొహంలోకి చూసి "నువ్వెవరు?" అన్నాడు. కుండలో నీళ్లన్నీ మీద కుమ్మరించాం. బతికాడు. సాయంత్రం వెళ్లేసరికి చొక్కా ఆ రాయి కిందే ఉంది. వాడు మళ్లీ ఆటల జోలికి పోలేదు.

దమ్మంటే గుండె, పిక్కలేనని నమ్మేవాణ్ణి అప్పుడు. చాలా ఏళ్ల తర్వాత చదివాను. అమెరికాలో థియోడర్ గార్లండ్ అనే శాస్త్రవేత్త 1993 నుంచి, చక్రం మీద ఎవరూ తరమకుండానే ఎక్కువ పరిగెత్తే ఎలుకలనే తరతరాలుగా ఎంచి పెంచారు. అవి మామూలు ఎలుకలకి దాదాపు మూడింతలు పరిగెత్తుతాయి. వాటి మెదడులో డోపమైన్ (ఉత్సాహాన్ని పుట్టించే రసాయనం) పనితీరే వేరుగా ఉందట. 2004లో సైకిలు తొక్కేవాళ్లతో చేసిన ప్రయోగం ఇంకా వింత: పిండిపదార్థం కలిపిన నీళ్లు పుక్కిలించి ఉమ్మేశారు, కడుపులోకి చుక్క పోలేదు, అయినా గంట పందెం సుమారు 3 శాతం త్వరగా ముగించారు. కండరం ఓడిపోయేదాకా ఆగకుండా, ఎంతవరకు పోవచ్చో మెదడు ముందే లెక్కేస్తుందని కొందరు శాస్త్రవేత్తలంటారు. ఆ లెక్క ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, అందులో కొంత పుట్టుకతో వచ్చేదే కావచ్చు. మీ నాన్నది బద్ధకం కాదు తల్లీ.

అందుకే నీ స్నేహితురాలి వేగం చూసి పరిగెత్తకు. హెరిటేజ్ అనే అధ్యయనంలో అందరిచేతా 20 వారాలు ఒకే శిక్షణ చేయించారు. కొందరి దమ్ము బాగా పెరిగింది, కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు. నీ రక్తంలో మీ నాన్న పాలు ఎంతో, నా పాలు ఎంతో ఎవరికి తెలుసు? కాళ్లు గోల చేస్తే నెమ్మదించి ముందుకి సాగు. తల తిరిగినా, ఆ ఉక్కలో చలి పుట్టినా, మాట తడబడినా అక్కడికక్కడే కూర్చో. మొండితనం చూపించావంటే ఊరుకోను.

ఆ రోజు నేను వస్తున్నాను. మీ నాన్నని కూడా తీసుకొస్తా, వాడు రానంటే బతిమాలుకుంటా. పరుగు ముగిసే గచ్చిబౌలి స్టేడియం గేటు దగ్గర ఉంటాం. మధ్యలో ఆగిపోతే ఏ ఫ్లైఓవర్ దగ్గరున్నావో ఫోన్ చెయ్యి, మేమే వస్తాం.

మీ పెదనాన్న