చదువు సందేహాలు: ఇంటి దగ్గరే ఆర్గానిక్ కెమిస్ట్రీ

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనూ, ఇంటర్ బైపీసీ ఇంగ్లిషు మాధ్యమంలోనూ చదివాను. నీట్ ఒకసారి రాశాను. బయాలజీలో మంచి మార్కులే వచ్చాయి కానీ, ఆర్గానిక్ కెమిస్ట్రీలో తెలుసనుకుని పెట్టిన జవాబులే ఎక్కువగా తప్పాయి. నాన్నగారు కొబ్బరి దింపు పనికి వెళతారు. విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరే స్తోమత మాకు లేదు. నేమ్డ్ రియాక్షన్లన్నీ (శాస్త్రవేత్తల పేర్లతో పిలిచే చర్యలు) పట్టికలుగా రాసి గోడకు అంటించి రోజూ వల్లిస్తున్నాను. అయినా వారం తిరిగేసరికి ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. ఈ భాగాన్ని సొంతంగా నేర్చుకోవడం సాధ్యమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, రాజోలు ప్రాంతం

జవాబు: సాధ్యమేనమ్మా. అయితే ముందు గోడ మీది పట్టికలను తీసి పక్కన పెట్టండి. వాటి వెనుక మీరు పడిన శ్రమ తక్కువేమీ కాదు, కానీ మిమ్మల్ని దారి తప్పిస్తున్నవి అవేనని నా నమ్మకం. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. కాబట్టి తెలియని ప్రశ్నను వదిలేసినప్పటి కంటే తెలుసనుకుని తప్పు గుర్తించినప్పుడే నష్టం ఎక్కువ. సగం గుర్తున్న పట్టిక మీ చేత చేయించేది సరిగ్గా ఆ పనే.

ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి అభ్యాసాల్లో వచ్చే ఒక ప్రశ్ననే చూడండి. 3-మిథైల్‌బ్యూటన్-2-ఓల్‌తో హైడ్రోజన్ బ్రోమైడ్ చర్య జరిపితే ఏం వస్తుంది? పట్టికను వల్లించినవారు ఓహెచ్ ఉన్న చోటికి బ్రోమిన్ వస్తుందనుకుని 2-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్ అని రాస్తారు. అసలు జవాబు 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్. ఓహెచ్ ముందు ఒక ప్రోటాన్‌ను తీసుకుని నీరుగా విడిపోతుంది. అప్పుడు రెండో కార్బన్ మీద ధనావేశం మిగిలి సెకండరీ కార్బోకాటయాన్ (ధనావేశమున్న కార్బన్‌కు మరో రెండు కార్బన్లు అంటుకుని ఉన్నది) ఏర్పడుతుంది. పక్కనున్న మూడో కార్బన్ మీది హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటతో సహా ఇటు జరిగితే, ధనావేశం అటు మారి మరింత స్థిరమైన టెర్షియరీ కార్బోకాటయాన్ (మూడు కార్బన్లు అంటుకుని ఉన్నది) అవుతుంది. బ్రోమైడ్ వచ్చి చేరేది అక్కడే. ఈ నాలుగు మెట్లను వంపు బాణాలతో కాగితం మీద ఒక్కసారి మీ చేత్తో గీస్తే, ఇలాంటి మరో పది ప్రశ్నలకు మీరు ఏమీ వల్లించనవసరం లేదు. బాణం ఎప్పుడూ ఎలక్ట్రాన్లు ఉన్న చోట మొదలై, వాటికి కొరత ఉన్న చోట ముగుస్తుంది. ఈ ఒక్క నియమాన్ని ఉల్లంఘించకుండా గీయడం అలవాటయ్యే వరకు ముందుకు వెళ్లవద్దు.

అందుకు చోటు 11వ తరగతిలోని మౌలిక సూత్రాల అధ్యాయం. నామకరణం, సాదృశ్యం, ప్రేరేపక ప్రభావం, రెజొనెన్స్, హైపర్‌కాంజుగేషన్, కార్బోకాటయాన్ల స్థిరత్వం అన్నీ అందులోనే ఉన్నాయి. చాలామంది దీన్ని నాలుగు రోజుల్లో ముగించి ఆల్డిహైడ్లకు పరుగెత్తుతారు. మీరు దీనికి పూర్తిగా నెల రోజులు ఇవ్వండి. నెల వృథా అయిందని మధ్యలో భయం వేస్తుంది, అయినా ఆగకండి. ఆ తరువాత హైడ్రోకార్బన్లు, హాలోఆల్కేన్లు, ఆల్కహాళ్లు, ఆల్డిహైడ్లు, ఎమీన్లు అన్న పుస్తకంలోని వరుసనే అనుసరించండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి కనుక ఖర్చు గురించి దిగులు అక్కరలేదు.

పునాది పడిందో లేదో పరీక్షించుకోవడానికి ఒక లెక్క ఇస్తాను. ఇథనాల్ పీకేఏ (ఆమ్ల బలానికి కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం బలం పెరుగుతుంది) సుమారు 16, ఫినాల్‌ది 10, పారా-నైట్రోఫినాల్‌ది 7.1, మెటా-నైట్రోఫినాల్‌ది 8.3. ఈ అంకెలను కంఠస్థం చేయకుండా, ప్రోటాన్ పోయాక మిగిలే ఋణావేశం ఎక్కడెక్కడికి పరుచుకుంటుందో గీసి, పారాకూ మెటాకూ తేడా ఎందుకు వచ్చిందో పుస్తకం మూసి చెప్పగలగాలి.

మరొకటి మన నేలకు సంబంధించినది. బోదకాలు నివారణకు ఊరూరా పంచిన డీఈసీ మాత్ర మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందు అది. దాని అణువులో రెండు నైట్రోజన్లున్న ఆరు పరమాణువుల వలయం ఉంటుంది. వలయంలోని ఒక నైట్రోజన్‌కు మిథైల్ సమూహం, రెండో దానికి కార్బొనిల్, ఆ కార్బొనిల్‌కు అవతల రెండు ఇథైల్ సమూహాలున్న మూడో నైట్రోజన్ ఉంటాయి. ఈ మూడింటిలో ఎక్కువ క్షారత్వం దేనిది? కార్బొనిల్‌ను అంటుకున్న రెండింటి ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు దానివైపు లాగబడతాయి కాబట్టి మిథైల్ ఉన్నదే ప్రోటాన్‌ను సులువుగా తీసుకుంటుంది. ఎమీన్ల అధ్యాయం తెరవకముందే మీరు ఈ జవాబు చెప్పగలిగితే, చదువు సరైన దారిలో ఉన్నట్టే.

బట్టీ అసలే వద్దని నేను అనడం లేదు. కారకాలను గుర్తుపెట్టుకోక తప్పదు. తాటికల్లు నిలవ ఉంటే అందులోని ఇథనాల్ బాక్టీరియా వల్ల ఎసిటాల్డిహైడ్ మీదుగా ఎసిటిక్ ఆమ్లంగా మారి పుల్లబడుతుంది. ప్రైమరీ ఆల్కహాల్ ఆక్సీకరణలో ఈ రెండు మజిలీలు ఉన్నాయి కనుక, పీసీసీ (పిరిడినియం క్లోరోక్రోమేట్) మొదటి మజిలీలో ఆపుతుందనీ, పొటాషియం పర్మాంగనేట్ చివరి వరకు తీసుకువెళుతుందనీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. సోడియం బోరోహైడ్రైడ్, లిండ్లర్ ఉత్ప్రేరకం వంటివీ అందులోకే వస్తాయి. ఆ పుస్తకం ముప్పై పేజీలు దాటకూడదు.

భాష గురించి ఒక మాట. నీట్ ప్రశ్నపత్రాన్ని తెలుగులోనూ ఎంచుకోవచ్చు, కానీ అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిషు పాఠమే ప్రామాణికం. ప్రతిక్షేపణ, సంకలన, విలోపన చర్యలను మనసులో తెలుగులోనే అర్థం చేసుకోండి. పక్కనే సబ్‌స్టిట్యూషన్, ఎడిషన్, ఎలిమినేషన్ అని రాసుకుంటూ పోతే పరీక్షనాటికి రెండూ ఒకటైపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి రోజుకు నాలుగు గంటలు ఫోనులో ఆర్గానిక్ పాఠాలు చూస్తాడు. అర్థమైందంటాడు, పరీక్ష పెడితే రాయలేడు. ఫోను తీసేసుకోమంటారా? నాకు కెమిస్ట్రీ రాదండీ.
— ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: తీసేసుకోకండి. చెప్పేవారు గీస్తూ ఉంటే చూసేవారికి అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు. అరగంట పాఠం అయ్యాక ఫోనును మీ దగ్గర పెట్టుకుని తెల్లకాగితం ఇవ్వండి. ఆ పాఠంలోని చర్యను బాణాలతో సహా గీసి, ప్రతి బాణం దగ్గరా ఎందుకో మీకు తెలుగులో చెప్పమనండి. మీకు కెమిస్ట్రీ రాకపోవడం ఇక్కడ మంచిదే. తెలిసినవారైతే అతడు తడబడిన చోట తామే అందించేస్తారు. అతడు ఏ బాణం దగ్గర ఆగిపోయాడో అక్కడ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి ఫోను తిరిగి ఇవ్వండి. మళ్లీ చూడవలసినది ఆ రెండు నిమిషాల పాఠమే.