బడిలో ఈ-స్పోర్ట్స్ జట్టు పెట్టబోతున్న యువ ఉపాధ్యాయుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ ఉన్నత పాఠశాలలో ఈ-స్పోర్ట్స్, అంటే కంప్యూటర్ల మీద పోటీగా ఆడే ఆటల జట్టు పెట్టాలనుకుంటున్నాననీ, ఎలాంటి కంప్యూటర్లు ఎన్ని కొనాలో చెప్పమనీ అడిగావు. కంప్యూటర్ల సంగతి తరువాత రాస్తాను. అంతకు ముందు నువ్వు చేయవలసిన పని పిల్లల తల్లిదండ్రుల నమ్మకం సంపాదించడం. అది లేకుండా ఎంత మంచి గది కట్టినా, మొదటి పరీక్షలో ఎవరో ఒకరికి మార్కులు తగ్గిన రోజున ఆ గదికి తాళం పడుతుంది.

మన గోదావరి జిల్లాల్లో ఆట అనగానే పందెం గుర్తుకు రావడం సహజం. సంక్రాంతి బరుల దగ్గర అప్పులపాలైన ఇళ్ల సంగతి ప్రతి ఊరికీ తెలుసు. ఆ తరువాత సెల్‌ఫోన్‌లోకి రమ్మీ వచ్చి, ఆ పందేన్ని బరి నుంచి ఇంటి నడవలోకే తెచ్చిపెట్టింది. కాబట్టి ఆన్‌లైన్ ఆట అన్న మాట వినగానే ఒక తల్లి భయపడితే ఆమెను తప్పు పట్టవద్దు. ఆమె భయానికి జవాబు చట్టంలోనే ఉంది. మన రాష్ట్రం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కేంద్రం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి విడదీసి గుర్తించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పతకాల లెక్కలోకి రాని ప్రదర్శన అంశంగా ఉన్న ఈ పోటీలు, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పతకాల జాబితాలోకి ఎక్కాయి. జకార్తాలో తీర్థ్ మెహతా అనే భారతీయ యువకుడు హార్త్‌స్టోన్ అనే కార్డుల వీడియో గేమ్‌లో కాంస్యం గెలిచాడు. తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయాలన్నీ తెలుగులో, నిదానంగా, ప్రధానోపాధ్యాయుల సమక్షంలో చదివి వినిపించు. ఆ వెంటనే మీ జట్టు నియమాన్ని కూడా చెప్పు: ఈ గదిలో రూపాయి పందెం ఉండదు, ప్రవేశ రుసుము కట్టించుకుని బహుమతి డబ్బు ఆశపెట్టే బయటి పోటీలకు పిల్లలను పంపము. స్నేహితుల మధ్య కూల్‌డ్రింకు పందెం కూడా కూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. ఈ ఒక్క విషయంలో సడలింపు ఇవ్వవద్దు.

ఇక ఏ ఆట ఆడించాలన్నది. పిల్లలు ముందుగా సెల్‌ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ పేరే చెబుతారు, ఎందుకంటే వాళ్లకు తెలిసినది అదే. వద్దు. అది పదహారేళ్లు దాటినవారికి ఉద్దేశించిన ఆట. మన పదో తరగతి పిల్లల్లో చాలామందికి పదిహేనేళ్లే. మరో కారణం కూడా ఉంది. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించారు, దాని స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐని 2022 జులైలో ఆపేశారు, మళ్లీ 2023 మేలో అనుమతించారు. అలా ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని ఆట మీద బడి కార్యక్రమాన్ని నిలబెట్టలేము.

నా సలహా చదరంగంతో మొదలుపెట్టమని. నవ్వుకోవద్దు; 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగం కూడా ఒక పోటీ అంశమే. మాగ్నస్ కార్ల్‌సన్ గెలిచిన ఆ పోటీలో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి సెమీఫైనల్ దాకా వెళ్లాడు. పొరుగున గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే) చదరంగ విజేత అని చెబితే ఏ తండ్రీ కాదనలేడు. లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగ వేదిక పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు, మీ బడిలో ఇప్పుడున్న పాత కంప్యూటర్ల మీద, నెమ్మదైన నెట్ మీద కూడా నడుస్తుంది. వేళకు రావడం, ఓడినప్పుడు కుర్చీ తన్నకుండా లేవడం, ఆడిన ఆటను తిరిగి చూసుకోవడం అనే అలవాట్లు ఒక విద్యా సంవత్సరం పాటు అక్కడ కుదిరిన తరువాత, జట్టుగా ఆడే రాకెట్ లీగ్‌కు వెళ్లు. అది కార్లతో ఆడే బంతాట, ఒక్కో వైపు ముగ్గురు. తుపాకులు లేవు, రక్తం లేదు, 2020 నుంచి ఉచితం. దానికి మాత్రం గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రాలు కావాలి. ముగ్గురు ఆడేవాళ్లకు మూడు, ఎదుటి పక్షంగా సాధన చేసేవాళ్లకు మూడు ఉంటే చాలు. దాతలు ముందుకు వస్తే పదో ఇరవయ్యో అడగాలన్న ఆశ కలుగుతుంది. కానీ ఆరింటిని బాగా చూసుకోవడమే పెద్ద పని.

నెట్ విషయంలో వేగం కన్నా ఆలస్యం ముఖ్యం. మీట నొక్కిన క్షణానికీ, అది సర్వర్‌కు చేరి తిరిగి వచ్చే క్షణానికీ మధ్య పట్టే సమయాన్నే పింగ్ అంటారు. అది యాభై మిల్లీసెకన్ల లోపు నిలకడగా ఉంటే హాయిగా ఆడవచ్చు. ఒకసారి నలభై, ఒకసారి రెండు వందలు చూపిస్తే మాత్రం ఆట సాగదు. వైఫై వద్దు, ప్రతి యంత్రానికీ తీగ లాగించు. కనెక్షన్‌ను పొద్దున పూట పరీక్షించి మురిసిపోకుండా, పిల్లలు నిజంగా ఆడే సాయంత్రం వేళలోనే చూడు. అప్‌డేట్లను ముందు రోజే దించి పెట్టుకోకపోతే సాధన సమయమంతా అవి డౌన్‌లోడ్ అవుతుంటే చూడడంతోనే గడిచిపోతుంది.

డెల్టాలో గది ఎంపిక మరో జాగ్రత్త కోరుతుంది. వరద, తుపాను రెండూ మనకు తెలిసినవే కాబట్టి యంత్రాలు మేడ మీది గదిలో ఉండాలి. అది కుదరకపోతే ఎత్తైన గట్టు కట్టించి దాని మీద పెట్టు. తీరానికి దగ్గరైన ఊళ్లలో ఉప్పు గాలి, వానాకాలపు చెమ్మ యంత్రాల లోపలి సర్క్యూట్ పలకలను తినేస్తాయి. సెలవుల్లో కూడా వారానికి ఒకసారి ఎవరో ఒకరు అన్నింటినీ కాసేపు నడపాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు, ప్రతి యంత్రానికీ యూపీఎస్ ఉండాలి.

సాధన గురించి ఒక వ్యాయామోపాధ్యాయుడిగా చెబుతున్నాను. కబడ్డీ జట్టుకు ఏ క్రమం ఉంటుందో దీనికీ అదే ఉండాలి. వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర చొప్పున చాలు. మొదటి అరగంట మైదానంలో పరుగు, మెడ, భుజాలు, మణికట్టు కసరత్తులు. తరువాత నలభై నిమిషాలు ఆట. మిగిలిన సమయం రీప్లే చూసి మాట్లాడుకోవడం. ఇరవై నిమిషాలకొకసారి తెర నుంచి కళ్లు తిప్పి కిటికీలోంచి దూరంగా చూడమని చెప్పు. రీప్లే చూసేటప్పుడు ఎవరిది తప్పు అని అడగవద్దు, ఆ క్షణంలో నీకు ఏం కనిపించింది అని అడుగు. పిల్లలు అప్పుడు అబద్ధం చెప్పవలసిన అవసరం లేకుండా నేర్చుకుంటారు. ఆటలో ఒకరికొకరు ఇచ్చుకునే పిలుపులు తెలుగులో, రెండేసి మాటల్లో ఉండేలా వాళ్లే కుదుర్చుకోవాలి.

ఆడేవాళ్లు కొద్దిమందే అయినా పని చాలామందికి ఉంటుంది. స్కోరు రాసేవారు, యంత్రాలు చూసుకునేవారు, తెలుగులో వ్యాఖ్యానం చెప్పేవారు కావాలి. మన పిల్లల మాటకారితనానికి ఆ చివరి పని బాగా నప్పుతుంది. ఆడపిల్లలు అడగరు కాబట్టి వాళ్లకు ఆసక్తి లేదని అనుకోవద్దు. వాళ్ల కోసం సీట్లు ముందే పక్కన పెట్టు. ఆఖరి బస్సు ఎక్కేవారు, రేవులో పంటు దాటి వెళ్లేవారు చీకటి పడకముందే ఇల్లు చేరేలా వేళలు నిర్ణయించు.

మార్కుల షరతు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. హాజరు, ఇంటిపని అడుగు. మార్కులు మాత్రం అడగవద్దు, ఎందుకంటే చదువులో వెనుకబడి, బడికి రావడమే మానేయబోతున్న పిల్లవాణ్ని ఇలాంటి జట్టు నిలబెట్టడం నేను చూశాను. పదో తరగతి వాళ్లను మాత్రం సంక్రాంతి తరువాత పరీక్షలయ్యేదాకా విడిచిపెట్టాలి.

ఖాతాల దగ్గర జాగ్రత్త. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కాబట్టి సంతకం తీసుకున్న తరువాతే ఖాతా తెరువు, ఆటలో అపరిచితులతో మాట్లాడే చాట్‌ను కట్టేసి ఉంచు.

ఆ సమ్మతి పత్రం తెలుగులోనే, ఒక పేజీ మించకుండా రాసి నాకు పంపు. నేను చూసి, తల్లిదండ్రుల సమావేశానికి ముందే సరిదిద్ది పంపుతాను. వీలుంటే ఆ రోజున నేనూ వచ్చి వెనుక వరుసలో కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ మాష్టారు,
పాలకొల్లు