ఇల్లు తాకట్టు పెట్టి పంపేముందు

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి డిగ్రీలో ఎకనామిక్స్ చివరి ఏడాది. ఎంఏ చేసి, గృహరుణాల మీద, కుటుంబాల అప్పుల మీద పరిశోధన చేస్తానంటోంది. మా ఇంటి లోన్ ఇంకా తీరలేదు. అయినా ఆ ఇంటిమీదే మరికొంత తీసుకుని ఫిన్‌టెక్ (ఆర్థిక సేవల్లో సాంకేతికత వాడకం) ఎమ్మెస్సీకి బ్రిటన్ పంపాలనుకుంటున్నాం. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, ఉత్తరమంతా ఇల్లు చేజారుతుందేమోనన్న దిగులే ఉంది. ఆ దిగులు సబబైనదే. హంగరీలో లక్షలాది కుటుంబాలు వడ్డీ తక్కువని స్విస్ ఫ్రాంకుల లెక్కన ఇంటి అప్పులు తీసుకున్నాయి. జీతాలు మాత్రం అక్కడి కరెన్సీ అయిన ఫోరింట్లలో వచ్చేవి. 2008 సంక్షోభంలో ఫోరింట్ పడిపోయి కిస్తీలు భారమయ్యాయి, చివరికి 2014లో చట్టం చేసి ఆ అప్పులను ఫోరింట్లలోకి మార్చవలసి వచ్చింది. మీరు కట్టబోయేది రూపాయల్లో, ఆశ పెట్టుకున్నది ఇంకా రాని పౌండ్ల జీతం మీద.

ఫిన్‌టెక్ మీద నాకు అంత నమ్మకం లేదు. కొంత ప్రోగ్రామింగ్, కొంత పాత ఫైనాన్స్ కలిపి ఏడాదిలో ముగిస్తే రెండింటిలోనూ లోతు రావడం కష్టం. వీసా గడువులోగా ఉద్యోగం దొరకకపోతే తిరిగి హైదరాబాద్‌కే రావాలి, అప్పు మాత్రం మీ ఇంటిమీదే ఉంటుంది. కఠినంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి: అమ్మాయి అడగని చదువుకు ఇల్లు పెట్టి, రేపు ఆ మాటే ఆమెకు పదే పదే గుర్తుచేసే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను.

కాకతీయలోనో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ఎంఏకు ఇల్లు తాకట్టు పెట్టనవసరం లేదు. గణితం, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక లెక్కలను గణాంకాలతో విశ్లేషించే శాస్త్రం) గట్టిగా నేర్చుకుంటే రిజర్వ్ బ్యాంక్, నేషనల్ హౌసింగ్ బ్యాంక్, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ వంటి దారులున్నాయి. పోటీ ఉంటుంది, కానీ ఈ విషయం తెలిసినవారికి పని కరువు కాదు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. ఇంటి లోన్ వడ్డీ కూడా అంతే పెరిగిందనుకోండి. 7 శాతానికి ఇరవై ఏళ్ల గడువుతో తీసుకున్న 20 లక్షలకు కిస్తీ సుమారు 15,506 రూపాయలు, రేటు 9.5 అయితే మొదట్లో నెల వడ్డీయే 15,833. కిస్తీ పెంచకపోతే తీసుకున్న అసలు మొత్తం తగ్గకపోగా పెరుగుతుంది. మీ లోన్ స్టేట్‌మెంట్ అమ్మాయి చేతికిచ్చి, కిస్తీ బదులు గడువు పెంచి ఉంటే అది ఎన్ని నెలలు పెరిగిందో లెక్క కట్టమనండి. బ్రిటన్ మాట ఆ తర్వాత ఎత్తండి.